బ్యాంకాక్ టికెట్ ఇప్పుడే కొనొద్దు

ప్రశ్న: సార్, నమస్తే. నేను హనుమకొండలో సోషియాలజీ చెబుతున్నాను. నాలుగేళ్ల కింద గైడ్‌షిప్ వచ్చింది. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు పీహెచ్‌డీ స్కాలర్లు ఉన్నారు. ఒకతనిది భూపాలపల్లి వైపు, పత్తి, మిర్చి రైతుల విత్తనాల అప్పుల మీద పనిచేస్తున్నాడు. ఇంకొకతను ఉట్నూరు దగ్గరి గోండు అబ్బాయి, వాళ్ల ఊళ్లలో మారిన ఇళ్లు, పొలాల గురించి రాస్తున్నాడు. మూడో అమ్మాయిది జగిత్యాల. భర్తలు గల్ఫ్‌లో ఉండగా ఇక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ల మీద ఆమె పని. తనకూ ఇద్దరు చిన్న పిల్లలు. "మన స్కాలర్లు గ్లోబల్ లెవెల్‌లో ఉండాలి" అని మా హెచ్‌ఓడీ ప్రతి మీటింగులో అంటారు. ముగ్గురూ తెలుగు మీడియం. సెమినార్‌లో పేపర్ చేతిలో పట్టుకుని చదివేస్తారు, ప్రశ్న వేస్తే తల దించుకుంటారు. భూపాలపల్లి అబ్బాయికి బ్యాంకాక్‌లో ఒక ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ నుంచి ఆహ్వానం వచ్చింది. రిజిస్ట్రేషన్, టికెట్టు అన్నీ కలిపి లక్ష దాకా అవుతుందట. వాళ్ల నాన్న అప్పు తెస్తానంటున్నాడు. పంపమంటారా? ఇంకో మాట కూడా అడగాలి. నేను ఇంతవరకు దేశం దాటలేదు. నాకే తెలియని ప్రపంచానికి వీళ్లను ఎట్లా తయారు చేయాలి?
— ఒక గైడ్, హనుమకొండ

జవాబు:

అమ్మా,

ముందు బ్యాంకాక్ సంగతి తేల్చేద్దాం. వాళ్ల నాన్న అప్పు కోసం ఎవరి గడపా తొక్కకముందే ఈ మాట ఆయన చెవిన పడాలి. పంపకండి. విత్తనాల అప్పుల మీద థీసిస్ రాసే పిల్లవాడి కోసం ఇంట్లో ఇంకో అప్పు మొదలవడం కంటే విడ్డూరం ఉంటుందా?

ఆ మెయిల్ మీరు నాకు పంపలేదు గానీ, అందులో ఏముంటుందో చూడకుండానే చెప్పగలను. "గ్రీటింగ్స్ ఆఫ్ ది డే" అని మొదలవుతుంది. ఇంకా పీహెచ్‌డీ పూర్తికాని మీ స్కాలర్‌ను "ఎమినెంట్ ప్రొఫెసర్" అంటుంది. ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, నర్సింగ్, సోషల్ సైన్సెస్ అన్నీ ఒకే హోటల్లో రెండు రోజుల్లో ముగిసిపోతాయి. అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే "యాక్సెప్టెడ్" అని జవాబు వస్తుంది. ఫీజు, చివరి తేదీ మాత్రం ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. పోయివచ్చిన వాళ్లను అడిగి చూడండి. హాల్లో ఉన్నవాళ్లంతా తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్లే, అందులోనూ ఎక్కువమంది మన దేశం వాళ్లే. ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటో, మధ్యాహ్నం బఫే. ఆ ముచ్చట అంతటితో సరి.

ఇది ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన విద్య అనుకోవద్దు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు, కాన్ఫరెన్సులు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ప్రభుత్వ సంస్థే కేసు వేసింది. పేపర్లను నిపుణులతో పరిశీలింపజేస్తున్నామని అబద్ధం చెప్పారని, ఫీజు సంగతి ముందు దాచారని, రామని చెప్పిన ప్రొఫెసర్ల పేర్లు కూడా కాన్ఫరెన్స్ ప్రకటనల్లో వేసుకున్నారని ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. మన గుమ్మం ముందరి సంగతి ఇది.

మీవాడికి ఒక్క పరీక్ష నేర్పండి. తన థీసిస్ కోసం చదివిన మంచి పేపర్లు పది ముందు పెట్టుకోమనండి. ఆ రచయితల్లో ఒక్కరైనా ఎప్పుడైనా ఆ కాన్ఫరెన్స్‌లో మాట్లాడారా? ఆ జర్నల్లో రాశారా? ఒక్కరూ లేకపోతే అక్కడ మనకూ పని లేదు. జర్నళ్ల విషయంలో ఈ పరీక్ష ఇప్పుడు ఇంకా అవసరం. నమ్మదగిన జర్నళ్లు ఇవీ అని యూజీసీ 2019లో మొదలుపెట్టిన కేర్ లిస్టును 2025లో తీసేసింది. జాబితాలో ఉందా లేదా అని చూసి ఊపిరి పీల్చుకునే రోజులు పోయాయి, మంచీ చెడూ మనమే చూసుకోవాలి. ఇంకో సంగతి, 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ సమర్పించే ముందు పేపర్ అచ్చు కావాలన్న షరతును యూజీసీ ఎత్తేసింది. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏమిటో కనుక్కోండి. అది కూడా అడగకపోతే డబ్బు కట్టి పేపర్ వేయించుకునే తొందర ఎవరి కోసం?

ఇక అసలు ప్రశ్న. దానికి ముందు నా భాగోతం ఒకటి చెప్పాలి.

మాది పరకాల దగ్గర పల్లె. మొదటిసారి జర్మనీలో ఒక సెమినార్‌కు పోయినప్పుడు నాకు నలభై రెండేళ్లు. పేపర్ ఇరవై రెండు పేజీలు, ఇచ్చిన టైం పదిహేను నిమిషాలు. తల ఎత్తకుండా చదువుకుంటూ పోయాను. తొమ్మిదో పేజీలో ఉండగా సభ నడుపుతున్న ఆవిడ రెండు నిమిషాలే ఉందని చిన్న కార్డు చూపించింది. నేను స్పీడు పెంచాను. సంతలో లాటరీ టికెట్లు అమ్మే ఆటో మైకులాగా ఉండి ఉంటుంది విన్నవాళ్లకు. అయిపోయాక ముందు వరుసలోంచి ఒక పెద్దాయన చేయెత్తి, చాలా మర్యాదగా అడిగాడు: "ఇంతకీ మీరు ఎవరి మాట కాదంటున్నారు?"

ప్రశ్న నాకు బాగానే అర్థమైంది. ఇంగ్లీషుతో ఇబ్బంది లేదు. నా దగ్గర జవాబే లేదు. నేను ఎవరి మాటా కాదనలేదు. ముప్పై పుస్తకాల్లోంచి మాటలు తెచ్చి, ఎవరికీ కోపం రాకుండా వరసగా పేర్చాను, అంతే. "థాంక్యూ ఫర్ ద క్వశ్చన్" అని నిలబడిపోయాను. వెనకాల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు విమానంలో లెక్క వేసుకున్నాను. ఒకటో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా ఏ ఒక్క సారూ "దీన్ని నువ్వు ఒప్పుకుంటావారా?" అని నన్ను అడగలేదు. అడగకుండా నేనే నోరు తెరిస్తే, ఎదురు మాట్లాడుతున్నావా అని కసిరినవాళ్లు మాత్రం ఉన్నారు. తర్వాత నా స్కాలర్లను నేనూ కొన్నాళ్లు అట్లాగే కసిరాను, అది వేరే సంగతి.

మీ పిల్లలు తల దించుకునేది తెలుగు మీడియం వల్ల అని నేననుకోను. వాళ్ల సొంత మాట ఏమిటో వాళ్లను ఎవరూ అడగలేదు. మీ హెచ్‌ఓడీ గారి గ్లోబల్ లెవెల్‌కు నాకు తెలిసిన అర్థం ఒకటే. లోకంలో ఎక్కడో నడుస్తున్న ఒక వాదనలోకి పోయి, "మా ఊరు చూసి నేను ఈ మాట అంటున్నా" అనగలగాలి. అన్నాక వచ్చిపడే ప్రశ్నకు నిలబడాలి. ఆ పని హనుమకొండలో కూర్చునే మొదలుపెట్టొచ్చు, ఇక్కడ మొదలుపెట్టని వాడికి బ్యాంకాక్‌లోనూ కుదరదు.

భూపాలపల్లి అబ్బాయితోనే చూద్దాం. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ ఆంత్రోపాలజిస్టు 2000 ప్రాంతం నుంచి మన వరంగల్ పల్లెల్లో తిరిగి, పత్తి రైతు విత్తనం ఎట్లా ఎంచుకుంటాడో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. 2007లో కరెంట్ ఆంత్రోపాలజీ అనే జర్నల్లో పేపర్ వేశాడు. వరంగల్ పేరు శీర్షికలోనే ఉంది. ఆయన చూసింది మనకు తెలియనిదేం కాదు. ఒక ఏడాది ఊరంతా ఒకే బ్రాండు మీద పడుతుంది, పక్క ఊళ్లో దాన్ని పట్టించుకునేవాడే ఉండడు, కొన్నాళ్లకు ఆ పేరు కూడా వినిపించదు. ఎనుమాముల మార్కెట్లో బస్తా మీద కూర్చున్న రైతును అడగండి, "అందరేస్తున్నరు, నేను గూడ ఏసిన" అంటాడు. మనం నవ్వి ఊరుకుంటాం. స్టోన్ ఊరుకోలేదు. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చాక కార్మికుడి చేతిలోని పనితనం ఎట్లా పోతుందో చెప్పే వాదన ఒకటి పాతదుంది. అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న వచ్చినప్పుడు రైతుకూ అదే గతి పట్టిందని ఇంకొకరు రాశారు. వాళ్ల పక్కన తెచ్చి మన పత్తి రైతును నిలబెట్టాడు ఈయన. తన చేలో తాను చూసి, పరీక్షించి నేర్చుకునే పద్ధతే దెబ్బతింటోందన్నాడు. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. అది మంచిదా చెడ్డదా అని రెండు వర్గాలు జుట్లు పట్టుకుంటున్న ఆ రోజుల్లో ఆయన అడిగిన ప్రశ్నే వేరు. అందుకే ఎక్కడెక్కడి వాళ్లో చదివారు.

మీవాడు ఆ పేపర్ చదివాడా? చదివి ఉంటే, అందులోంచి నాలుగు వాక్యాలు తెచ్చి రెండో అధ్యాయంలో పెట్టి ఉంటాడు. నేనైనా ఆ వయసులో అదే చేసేవాణ్ణి. బదులుగా పోట్లాడమనండి. ఆయన చెప్పింది మిర్చికి నిలుస్తుందా? కౌలు రైతుకు నిలుస్తుందా? విత్తనం అమ్మేవాడే అప్పు ఇచ్చేవాడైనప్పుడు "రైతు ఎంచుకున్నాడు" అన్న మాటకు అర్థం ఉందా? స్టోన్‌కు లేనిది మీవాడికి ఒకటుంది. వాళ్ల నాన్న ఏ దుకాణంలో ఖాతా పెట్టాడో, ఏ ఏడు ఎందుకు దుకాణం మార్చాడో, మార్చినందుకు పాత షావుకారు పెళ్లికి ఎందుకు పిలవలేదో వాడికి తెలుసు. ఇంటి ముచ్చట్లని వాడు థీసిస్‌లో రాసి ఉండడు. అక్కడే ఉంది సరుకంతా.

ఉట్నూరు అబ్బాయి సంగతి ఇంకా బాగుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఒక మనిషిని పంపింది. ఆయనే క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. మార్లవాయి అనే గోండుల పల్లెలో మకాం పెట్టి, గోండీ నేర్చుకుని, వాళ్లతో తిన్నాడు, తిరిగాడు. తర్వాత లండన్ యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరయ్యాడు. ఆయన భార్య ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఒకసారి ఆలోచించండి, ప్రపంచ స్థాయి పండితుడు అనిపించుకోవడానికి ఆయన ముందు గోండీ నేర్చుకోవాల్సి వచ్చింది. మీవాడు అది తల్లి ఒళ్లో నేర్చుకుని వచ్చాడు. మనం మాత్రం ఇంగ్లీషు రాదని వాణ్ణి చిన్నబుచ్చుతున్నాం.

హైమెన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఫొటోలు చాలావరకు ఇంటర్నెట్లో చూడొచ్చు. ఇళ్లు, పొలాల మీద పనిచేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? వాటిని ఊరికి తీసుకుపోయి ముసలివాళ్ల ముందు పెడితే, "ఇది మా తాత ఇల్లు, ఇక్కడ గోడ లేకుండె" అని మొదలవుతుంది. ఎనభై ఏళ్ల కింద బయటివాడు చూసిన ఊరిని, ఆ ఊరి మనవడు తిరిగి చూడటం. ఆయన ఎక్కడ పొరబడ్డాడో చెప్పగల హక్కు వాడికి ఉంది. ఆ మాట వినడానికి లండన్‌లోనే కాదు, తమ ఊళ్ల పాత ఫొటోలు ఇంకెవరి మ్యూజియంలోనో ఉన్న దేశాలన్నిట్లో మనుషులున్నారు.

జగిత్యాల అమ్మాయి గురించి దిగులు వద్దు. ఆమె సబ్జెక్టు సగం దుబాయ్‌లోనే ఉంది, దాన్ని గ్లోబల్ చేయడానికి మనం కష్టపడనక్కర్లేదు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ వాళ్లు 1998 నుంచి కేరళ వలసల మీద సర్వేలు చేస్తూ వచ్చారు. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఆడవాళ్ల పరిస్థితి మీద వాళ్ల దగ్గర చాలా సరుకుంది. అక్కడ ఇంటికొచ్చే డబ్బు కథ ఒకటి, ఇక్కడ వీసా అప్పు తీరేదాకా భార్య బీడీలు చుట్టే కథ ఇంకొకటి. ఈ రెండూ పక్కపక్కన పెట్టిందంటే ఆమెకు సొంత మాట దొరికినట్టే. ఇద్దరు పిల్లలతో ఏడాది పాటు బయటికి పోలేకపోవచ్చు. పోకపోతే పోనీండి. రాత్రి ఏడెనిమిది గంటలకు వేరే దేశాల్లో జరిగే సెమినార్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఆ గంటసేపు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ఆమె ఇంట్లో తేలాల్సిన పంచాయితీ. అవసరమైతే వాళ్ల అత్తగారితో మీరు ఒక మాట మాట్లాడండి. గైడ్ ఫోన్ చేస్తే ఇంట్లో లెక్క వేరుగా ఉంటుంది.

ఇప్పుడు పద్ధతి. నా సర్వీసు మొత్తంలో పనిచేసిందని ఒట్టేసి చెప్పగలిగేది ఒక్కటే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు ముగ్గురినీ కూర్చోబెట్టండి. వారానికి ఒక్క పేపర్, అందరికీ అదే, ముందే ప్రింటు ఇవ్వండి. ఈ మనిషి ఎవరితో పోట్లాడుతున్నాడు, ఏం చూపించి గెలిచానంటున్నాడు, మన ఊళ్లో ఇది నిలుస్తుందా, ఇవి తేలేదాకా లేవొద్దు. తెలుగులోనే మాట్లాడుకోండి. మొదటి నెల మీరొక్కరే మాట్లాడతారు, వాళ్లు "బాగుంది మేడం" అంటారు. అందుకే నేనొక రూలు పెట్టాను, "బాగుంది" అన్నవాడిదే ఆ రోజు టీ బిల్లు. ఒక స్కాలర్ వరసగా మూడు వారాలు బిల్లు కట్టాడు. నాలుగో వారం గ్లాసు టప్పున పెట్టి, "సార్, ఈయన లెక్కల ఆడోళ్లే లేరు. మరి రైతులు రైతులు అని ఎట్ల రాసిండు?" అన్నాడు. ఆ రోజు బిల్లు నేను కట్టాను, బజ్జీలతో సహా.

పేపర్లు ఎక్కడి నుంచి తేవాలంటారేమో. మా కాలంలో అదే పెద్ద తిప్పలు, జిరాక్సు కోసం రాత్రి రైలెక్కి హైదరాబాద్ పోయేవాళ్లం. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకునే వీలు వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టారు. మీ సంస్థలో లాగిన్ ఇచ్చారో లేదో లైబ్రరీకి పోయి అడగండి. ఇచ్చి ఉండి ఎవరికీ తెలియకపోవడం మన దగ్గర కొత్తేం కాదు.

ఇంగ్లీషు గురించి కూడా చెప్పాలి, లేకపోతే సారు తప్పించుకున్నాడంటారు. అది కావాలి. కాకపోతే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులతో రాదు. ప్రతిరోజూ ఫీల్డ్ నోట్స్‌లోంచి ఒక పేజీ, రెండు వందల మాటలు, తమకు వచ్చిన ఇంగ్లీషులో రాయమనండి. తప్పులు దిద్దకండి. అర్థం కాని చోట మాత్రం గీత గీసి "అంటే?" అని రాయండి. ఆరు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది. చాట్‌బాట్‌తో దిద్దించుకుంటాం మేడం అంటారు. వ్యాకరణం వరకు దిద్దించుకోనీండి గానీ, తర్వాత ప్రతి మాటా సరిచూసుకోమనండి. "ఉద్దెర" అని రాసుకున్నది ఇంగ్లీషులోకి పోయేసరికి ఉత్త అప్పు అయిపోతుంది. ఉద్దెరలో మొహమాటం ఉంది, కులం ఉంది, పంట రాగానే ఆ దుకాణానికే తోలాలన్న మాట ఉంది. అటువంటి మాటను ఉన్నదున్నట్టు ఉద్దెర అనే ఉంచి, ఒక పేరా పెట్టి వివరించమనండి. చదివేవాడు ఆ మాట నేర్చుకుంటాడు. వాళ్ల మాటలు మనం ఎన్ని నేర్చుకోలేదు?

సెమినార్‌లో కాగితం చదివే అలవాటు మాన్పించడానికి చిట్కా ఏమీ లేదు, కాగితం లాక్కోవడమే. పన్నెండు నిమిషాలు, చేతిలో ఒక చిన్న చీటీ. మిగతా ఇద్దరి పని ఇబ్బంది పెట్టే ప్రశ్నలు వేయడం. జవాబు తెలియనప్పుడు ఏమనాలో కూడా ఇంగ్లీషులో వల్లె వేయించండి: "మీరు అడిగేది ఇదేనా?", "దాని మీద నేను సమాచారం సేకరించలేదు, చూసినంతలో మాత్రం ఇట్లా ఉంది." ఆ రెండు వాక్యాలు నోటికి వచ్చి ఉంటే జర్మనీలో నా పరువు దక్కేది.

తర్వాత మెయిల్. మన పిల్లలు విదేశీ ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరాలు నేను బోలెడు చూశాను. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ రీసెర్చ్" అని మొదలై, పుట్టిన తేదీతో సహా బయోడేటా అంతా పోసి, "కైండ్లీ గైడ్ మీ" దగ్గర ఆగుతుంది. అదే ఉత్తరం యాభైమందికి పోతుంది. ఎవరూ జవాబు ఇవ్వరు, ఇవ్వకపోవడమే సబబు. అదే భూపాలపల్లి అబ్బాయి ఆరు వాక్యాలు రాశాడనుకోండి. మీ ఫలానా పేపర్ చదివాను. మా ఊళ్లో ఇన్ని ఇళ్లలో విత్తనం, అప్పు ఒకే దుకాణం నుంచి వస్తున్నాయి. అక్కడ మీరు చెప్పినట్టు పక్కవాడిని చూసి వేయడం కంటే, షావుకారు ఇచ్చింది వేయడం ఎక్కువ కనబడింది. ఇటువంటిది మీకు ఎక్కడైనా తగిలిందా? ఒక టేబుల్ జత చేశాను. ఇట్లు. పదిమందికి ఇట్లా పది వేర్వేరు ఉత్తరాలు రాస్తే ఒకరిద్దరైనా పలుకుతారు. నా స్కాలర్లకు పలికారు.

డబ్బు విషయం. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, దానితో ఇల్లు గడుస్తుంది, విమానం గడవదు. ఇక్కడ రిజిస్టరై ఉండగానే కొన్ని నెలలు బయట పనిచేసి రావడానికి దారులున్నాయి. ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉండనిస్తుంది. బ్రిటన్‌కు కామన్వెల్త్ వాళ్ల స్ప్లిట్ సైట్ పద్ధతి (కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ), జర్మనీకి డాడ్ అనే సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌లు ఉన్నాయి. సోయాస్ కాగితాలు చూడాలంటే ఉట్నూరు అబ్బాయికి చార్లెస్ వాలెస్ ట్రస్టు వాళ్ల చిన్న గ్రాంట్లు సరిగ్గా సరిపోతాయి. ఏ ఏటికా ఏడు నోటిఫికేషన్ మారుతుంది, అర్హతలు అందులో చూసుకోవాలి. వీటన్నిటికీ ఏడాది ముందు నుంచే పని మొదలవ్వాలి, ఆఖరి వారంలో నెట్ సెంటర్‌కు పోతే అయ్యేది కాదు. పాస్‌పోర్టుకు మాత్రం ముగ్గురినీ ఇప్పుడే దరఖాస్తు పెట్టమనండి. ఫీజు 1,500. వరంగల్‌లో పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండి, ఫెలోషిప్ వచ్చాక తల పట్టుకున్నవాళ్లను చూశాను.

అన్నట్టు ఎన్ఐటీ మీకు ఎంత దూరం? కేంద్రం 2015లో మొదలుపెట్టిన జ్ఞాన్ పథకం కింద విదేశీ ప్రొఫెసర్లు వచ్చి వారం, రెండు వారాలు పాఠాలు చెప్పే కోర్సులు అక్కడ చాలా జరిగాయి. ఇంజినీరింగ్ వాళ్లదని మనం అటు తొంగి చూడం. డేటా విశ్లేషణ లాంటి కోర్సు ఏదైనా పడితే పంపండి. విషయం సగమే అర్థమైనా, విదేశీయుణ్ణి చేయెత్తి ప్రశ్న అడిగే భయం సిటీ బస్సు దూరంలోనే పోతుంది.

మీ ఆఖరి ప్రశ్న చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. దేశం దాటని గైడ్ పనికొస్తుందా అని అడిగారు. నేను దాటాను కదా, దాటి ఏం చేశానో పైన చెప్పాను. మీరు దాటలేదన్నది మీ స్కాలర్ల దగ్గర దాచకండి. "నాకూ తెలియదు, కలిసి చూద్దాం" అని ఒకసారి అని చూడండి, వాళ్లు "బాగుంది మేడం" అనడం అప్పుడు తగ్గుతుంది. మీవి కూడా ఒకటి రెండు పేపర్లు ఆ శుక్రవారం బల్ల మీద పెట్టి చీల్చమనండి. కొంచెం కష్టంగానే ఉంటుంది, నాకైతే రెండు రోజులు అన్నం సయించలేదు.

మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది, రికమెండేషన్ లెటర్. మన దగ్గర స్కాలర్‌నే రాసుకురమ్మని సంతకం పెట్టే ఆచారం ఉంది. "హార్డ్ వర్కింగ్, సిన్సియర్, మంచి నడవడిక" అని అందరికీ ఒకటే వస్తుంది. అవతల చదివేవాడికి అది ఖాళీ కాగితమే. మీరు కూర్చుని రాయండి. ఈ అమ్మాయి నలభై ఇళ్లు తిరిగింది, మొదటి పది ఇళ్లలో అత్తగార్లే జవాబు చెబుతున్నారని గమనించి, బీడీల కంపెనీ దగ్గర ఆకు తీసుకునే వరసలో కోడళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది అని రాయండి. అది నిజంగా జరిగిందో లేదో నాకు తెలియదు, అటువంటిది ఏదో ఒకటి మాత్రం మీ కళ్ల ముందు జరిగే ఉంటుంది. దాన్ని చూసింది మీరొక్కరే.

భూపాలపల్లి తండ్రికి మీరే ఫోన్ చేయండి, పిల్లవాడితో చెప్పించొద్దు. కొడుకు కోసం చేస్తానన్న అప్పును కొడుకే వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడు, మేడం వద్దన్నదంటే మనసులో హాయిగా ఉంటుంది. ఉట్నూరు అబ్బాయి హైమెన్‌డార్ఫ్ ఫొటోలు ప్రింటు తీయించుకునేటప్పుడు కొంచెం పెద్ద సైజువి తీసుకోమనండి, ముసలివాళ్లకు ఆనాలి. ఒక్కోటి రెండు కాపీలు తీయమనండి. ఫొటోలో తమవాళ్లు కనబడితే వాళ్లు ఆ కాపీ తిరిగి ఇవ్వరు.